మారే తెర, మన లెక్క: సంఘాల పని కంప్యూటర్ మీదికి వచ్చిన చరిత్ర

మన వార్షిక నివేదికలో ప్రతి ఏడూ పొదుపు ఎంత, అప్పు ఎంత, రికవరీ ఎంత అని లెక్కలు అచ్చు వేసుకుంటం. ఆ లెక్కలన్నీ ఇప్పుడు కంప్యూటర్ తెర మీది నుండే వస్తున్నాయి. కాని ఆ తెర గురించి మనం ఎన్నడూ రాసుకోలేదు. ఈసారి రాసుకోవాల్సిన అవసరం పడింది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలు సపోర్ట్ ముగిసింది. దాంతో చాలా ఆఫీసుల్లో విండోస్ 11 వచ్చింది. స్టార్ట్ బటన్ ఎడమ మూల నుండి నడుమకు జరిగింది. ఫైల్ మీద రైట్ క్లిక్ చేస్తే ఇదివరకు వచ్చే పొడుగు జాబితా పోయి పొట్టి జాబితా వస్తున్నది. కాపీ, పేరు మార్చు అనే మాటలున్న చోట చిన్న చిన్న బొమ్మలు కనిపిస్తున్నాయి. "మొన్నటిదాకా ఈడనే ఉండె కద" అన్న మాట ఏ ఆఫీసుకు పోయినా వినబడుతున్నది.

ఇది కంప్యూటర్ ముందు కూచునే అకౌంటెంట్ తిప్పలు, మనకెందుకు అని అనిపించవచ్చు. కాని ఆ పెట్టెలో ఉన్నది గ్రామ సంఘాల అప్పుల లెక్క, మన పొదుపు. తెర ముఖం మారిన ప్రతిసారీ దాన్ని తెరవగలిగే వాళ్ల సంఖ్య కొన్ని రోజుల పాటు ఒకరికో ఇద్దరికో పడిపోతది. ఆ కొన్ని రోజుల్లో అధ్యక్షురాలు, కార్యదర్శి, కోశాధికారి ముగ్గురూ పక్కన నిలబడి చూడాల్సిందే. లెక్క మనదే గాని తాళంచెవి ఇంకొకరి చేతిలో ఉన్నట్టు అయితది. ఇట్లా తెర మారడం ఇది మొదటిసారి కాదు. ఇదివరకు మారినప్పుడు ఎవరు ఎట్లా తట్టుకున్నరో తెలిస్తే మనకు దారి దొరుకుతది.

పెట్టెలో పుస్తకాలు ఉన్న రోజులు

డ్వాక్రా పథకం దేశంలో 1982లో మొదలైంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుండి సారా వ్యతిరేక ఉద్యమం లేచి, 1993 అక్టోబర్‌లో ఉమ్మడి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఆ ఊపులో పొదుపు సంఘాలు ఊరూరా పెరిగాయి. 1992లోనే నాబార్డ్ 500 సంఘాలతో బ్యాంకు లింకేజీని ప్రయోగంగా మొదలుపెట్టింది. మన వైపు చూస్తే, వరంగల్, కరీంనగర్ జిల్లాల్లో సహవికాస తోడ్పాటుతో 1990లలో మహిళా పొదుపు సహకార సంఘాలు నడిచాయి. మనకు దగ్గరలోని ముల్కనూర్‌లో మహిళా సహకార డెయిరీ 2000లో మొదలైంది. 1995లో వచ్చిన పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం, అంటే మనం మ్యాక్స్ చట్టం అని పిలిచేది, సంఘాలు తమ నియమాలు తామే రాసుకుని తామే నడుపుకునే వీలు ఇచ్చింది. మండల సమాఖ్యలు రిజిస్టర్ అయింది ఈ చట్టం కిందనే.

అప్పుడు సంఘం అంటే ఒక రేకు పెట్టె. అందులో మినిట్స్ బుక్, క్యాష్ బుక్, లెడ్జర్, రశీదు పుస్తకం, సభ్యుల పాసుపుస్తకాలు. పంచసూత్రాల్లో అయిదోది పుస్తక నిర్వహణ. మిగతా నాలుగు, అంటే సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, సకాలంలో చెల్లింపు, సరిగ్గా జరుగుతున్నయా అని చూసుకునేది ఈ అయిదోదాంట్లోనే. క్యాష్ బుక్‌లో గడులు ఏళ్ల తరబడి ఒక్కతీరుగనే ఉన్నాయి. తేదీ, వివరం, జమ, ఖర్చు, నిల్వ. ఒక ఊరి పుస్తకం చదవగలిగిన మనిషి ఇంకో ఊరి పుస్తకమూ చదవగలిగేది. చదువు రాని సభ్యురాలు కూడా "నా పేజీ తియ్యి" అని అడిగి, పక్కన కూచుని చదివించుకునేది.

అట్లని పుస్తకాల కాలమంతా బంగారం అనుకోవద్దు. పది మందిలో ఒక్క అమ్మాయికే రాత వస్తే ఆమె అత్తగారింటికి పోయిన నెల పుస్తకం ఆగిపోయేది. కూడికల్లో తప్పులు పోయేవి, వానకు పేజీలు తడిసేవి. ఒక్కరి చేతి మీదనే ఆధారపడడం అనే కష్టం కంప్యూటర్‌తో పుట్టింది కాదు, పెన్నుతోనే ఉంది. ఆ కష్టం తీరాలనే సంఘాలు వంతులవారీగా నాయకత్వం మార్చుకోవాలన్నరు, పుస్తకం సమావేశంలోనే అందరి ముందర రాయాలన్నరు.

2000లో ఆరు జిల్లాల్లో మొదలైన వెలుగు ప్రాజెక్టు, రెండో దశలో మన వరంగల్‌కు కూడా వచ్చింది. తర్వాత అదే ఇందిరా క్రాంతి పథం అయింది. గ్రామ సంఘాలు, మండల సమాఖ్యలు, జిల్లా సమాఖ్య అని మెట్లు ఏర్పడ్డాయి. ఇన్ని సంఘాల లెక్క పైకి పంపాలంటే కాగితాలతో అయ్యే పని కాదు. అట్ల కంప్యూటర్ మన పనిలోకి వచ్చింది.

తెర మీదికి బల్ల ఎట్లా వచ్చింది

మొదట్లో కంప్యూటర్‌తో పని చేయాలంటే నల్ల తెర మీద ఆజ్ఞలు అక్షరం అక్షరం టైపు చేయాలి. ఒక్క అక్షరం తప్పితే పని కాదు. 1968 డిసెంబర్‌లో అమెరికాలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ అనే ఇంజనీరు మౌస్‌తో తెర మీద చూపించి పని చేయించవచ్చని అందరి ముందు చేసి చూపించాడు. 1973లో జిరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రంలో ఆల్టో అనే కంప్యూటర్ తయారయ్యింది. అక్కడి పరిశోధకులు తెరను ఆఫీసు బల్లలాగా ఊహించారు. బల్ల మీద కాగితాలు, అట్టలు, పక్కన చెత్తబుట్ట. అందుకే ఈ తెరకు డెస్క్‌టాప్ అని పేరు. డెస్క్ అంటే బల్ల, టాప్ అంటే దాని మీది భాగం.

ఈ తెర మీద కనిపించే చిన్న బొమ్మల వెనుక ఒక మహిళ పని ఉంది. 1984లో యాపిల్ కంపెనీ మెకింతోష్ కంప్యూటర్ తెచ్చినప్పుడు దాని బొమ్మలు గీసింది సుసాన్ కేర్ అనే చిత్రకారిణి. ఆమె గళ్ల కాగితం తీసుకుని, నిలువు 32, అడ్డం 32 గళ్లలో ఏ గడి నింపాలి, ఏది వదలాలి అని చూసుకుంటూ ఒక్కొక్క బొమ్మ చేసింది. మనం వాకిట్లో చుక్కలు పెట్టి ముగ్గు కలిపినట్టే. చదవకున్నా గుర్తుపట్టగలిగేటట్టు ఉండాలన్నది ఆ బొమ్మల ఉద్దేశం.

మైక్రోసాఫ్ట్ కంపెనీ మొదటి విండోస్‌ను 1985లో తెచ్చింది. 1995 ఆగస్టులో వచ్చిన విండోస్ 95లో ఎడమ వైపు కింది మూలన స్టార్ట్ బటన్ పెట్టారు. 2001 అక్టోబర్‌లో విండోస్ ఎక్స్‌పీ వచ్చింది. పచ్చని గడ్డి గుట్ట, నీలి ఆకాశం బొమ్మ ఉండే తెర గుర్తుంది కదా, అదే. మన తరంలో ఆఫీసు పని నేర్చుకున్న చాలామంది దాని మీదనే నేర్చుకున్నారు. కొత్త ముఖం వద్దనుకున్న వాళ్లు పాత పద్ధతి స్టార్ట్ మెనూ ఎంచుకునే వీలు అందులో ఉండేది. 2014 ఏప్రిల్ 8న దానికి సపోర్ట్ ఆగింది. పన్నెండేళ్లకు పైగా ఒకే తెర నడవడంతో, కంప్యూటర్ అంటే అట్లనే ఉంటదని అందరికీ అలవాటైపోయింది. ఆ తర్వాతి మార్పులు అంత బరువుగా తోచడానికి ఇదొక కారణం.

తెలుగు అక్షరానికి పట్టిన కాలం

మనకు తెరతో పాటు ఇంకో సమస్య ఉండేది, తెలుగు రాయడం. అంతర్జాతీయంగా అన్ని భాషల అక్షరాలకూ ఒక్కొక్క నంబర్ ఇచ్చే యూనికోడ్ పద్ధతిలో 1991లో వచ్చిన మొదటి కూర్పులోనే తెలుగు ఉంది. కాని అది మామూలు ఆఫీసు కంప్యూటర్‌లోకి రావడానికి చాలా ఏళ్లు పట్టింది. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అనే తెలుగు ఫాంట్ వచ్చింది. అయినా ప్రింటింగ్ ప్రెస్సుల్లో, టైపింగ్ సెంటర్లలో అను వంటి డీటీపీ ఫాంట్లే నడిచాయి. అవి అచ్చుకు అందంగా ఉంటాయి. కాని ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో అదే ఫైల్ తెరిస్తే తెలుగు బదులు అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తయి. తీర్మానం ఒకచోట టైపు చేసి ఇంకోచోట తెరిచిన వాళ్లకు ఈ సంగతి తెలుసు.

2019 మేలో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్‌తో, "అమ్మ" అని పలికినట్టు ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగులో పడే కీబోర్డు విండోస్‌లోనే కలిసి వచ్చింది. విడిగా ఏ సాఫ్ట్‌వేర్ కొనాల్సిన పని లేదు. ఈ మార్పు గురించి ఎవరూ పెద్దగా చెప్పుకోలేదు గాని మనకు స్టార్ట్ బటన్ కంటే ఇదే పెద్దది. ఇయ్యాల సభ్యుల పేర్లు తెలుగులో రాసి, ఏ కంప్యూటర్‌లోనైనా, ఫోన్‌లోనైనా చదువుకోవచ్చు.

ఎక్సెల్ మెనూ మారినప్పుడు

2003 దాకా ఎక్సెల్‌లో పైన వరుసగా ఫైల్, ఎడిట్, వ్యూ, ఇన్సర్ట్ అని మాటలుండేవి. మాట మీద నొక్కితే కిందికి జాబితా దిగేది. 2007 కూర్పులో ఆ వరుసను తీసేసి, రిబ్బన్ అనే వెడల్పు పట్టీ పెట్టారు. ఫైల్ అనే మాట కూడా పోయింది. దాని చోట మూలన ఒక గుండ్రని బటన్ పెట్టారు. ప్రింట్, సేవ్ అన్నీ ఆ బటన్ లోపల. అది అలంకారం కోసం పెట్టిన గుర్తు అనుకుని నొక్కని వాళ్లు లోకమంతటా ఉన్నారు.

ఎందుకు మార్చిన్రంటే, ఎక్సెల్, వర్డ్‌లలో పనులు పెరిగి పెరిగి జాబితాల లోపల జాబితాలు అయినయి. లోపల దాగి ఉన్నవి ఎవరికీ కనబడడం లేదు. అన్నీ పైన పరిచి పెడితే దొరుకుతాయన్నది కంపెనీ ఆలోచన. కొత్తగా నేర్చుకునేవాళ్లకు అది నిజంగా సులువైంది. అలవాటు పడ్డవాళ్లకే కష్టమైంది. రెండూ నిజమే. వాడేవాళ్లు గట్టిగా అడిగిన మీదట 2010 కూర్పులో ఫైల్ అనే మాట తిరిగి వచ్చింది. రిబ్బన్‌ను ఎవరికి కావాల్సినట్టు వాళ్లు మార్చుకునే ఏర్పాటూ వచ్చింది.

స్టార్ట్ బటన్ పోయి మళ్లీ వచ్చిన కథ

2012 అక్టోబర్‌లో విండోస్ 8 వచ్చింది. అందులో స్టార్ట్ బటనే లేదు. కంప్యూటర్ వేయగానే తెర నిండా రంగు రంగుల పలకలు. వేలితో తాకే ట్యాబ్లెట్లకు అది బాగుంటది. మౌస్‌తో పని చేసే ఆఫీసులకు మాత్రం తలనొప్పి అయింది. పాత మెనూ లాంటిది చూపించే క్లాసిక్ షెల్ వంటి చిన్న సాఫ్ట్‌వేర్లను జనం సొంతంగా వేసుకున్నారు. ఏడాదికి, 2013 అక్టోబర్‌లో, 8.1 కూర్పుతో బటన్ తిరిగి వచ్చింది. 2015 జులైలో విండోస్ 10తో మెనూ కూడా తిరిగి వచ్చింది. వాడేవాళ్లు ఊరుకోకపోతే అంత పెద్ద కంపెనీ కూడా వెనక్కి చూసుకోవాల్సి వచ్చిందని దీంతో తెలుస్తుంది.

ఇట్లాంటిదే ఇంకోటి లినక్స్ వైపు జరిగింది. లినక్స్ ఉచితంగా దొరికే, ఎవరైనా మార్చుకోగల వ్యవస్థ. అందులో గ్నోమ్ అనే తెర చాలామంది వాడేవాళ్లు. 2011 ఏప్రిల్‌లో గ్నోమ్ మూడో కూర్పు వచ్చి, పాత మెనూలు, కింది పట్టీ పోయినయి. అది నచ్చని వాళ్లలో అర్జెంటీనాకు చెందిన ఒక వాడుకరి, పాత గ్నోమ్‌నే తీసుకుని వేరే పేరుతో కొనసాగించాడు. దానికి మాటే అని పేరు పెట్టారు. మనకు చాయ్ ఎట్లనో వాళ్ల దేశంలో మాటే అనే ఆకు కషాయం అట్ల. ఆ తెర ఇప్పటికీ నడుస్తున్నది. లినక్స్‌లో మూలం అందరికీ తెరిచి ఉంటది కాబట్టి, పాతది కావాలన్న వాళ్లు కలిసి దాన్ని బతికించుకోగలిగారు.

మెనూలకు తెలుగు పేర్లు

లినక్స్ తెరకు తెలుగు పేర్లు పెట్టే పని మన రాష్ట్రంలోనూ జరిగింది. హైదరాబాద్ కేంద్రంగా 2005లో మొదలైన స్వేచ్ఛ సంస్థ, స్వచ్ఛంద కార్యకర్తలతో కలిసి తెలుగులో నడిచే వ్యవస్థను తయారు చేసింది. ఫైల్‌ను దస్త్రం అన్నారు. దస్త్రం మనకు కొత్త మాట కాదు. పట్వారీల కాలం నుండి ఉన్నదే. విండోస్‌లో కూడా భాషను తెలుగుకు మార్చుకోవచ్చు.

అయినా మన ఆఫీసుల్లో తెలుగు మెనూలు ఎక్కువగా నిలవలేదు. కారణం కనిపిస్తూనే ఉంది. శిక్షణ ఇంగ్లీషు పేర్లతో ఇస్తరు. ఫోన్‌లో సాయం అడిగితే "సెట్టింగ్స్‌లోకి పో, సేవ్ కొట్టు" అని చెప్తరు. ఒకచోట దస్త్రం, ఇంకోచోట ఫైల్ అయితే చెప్పేవాళ్లకూ వినేవాళ్లకూ జత కుదరదు. కాబట్టి మెనూ ఇంగ్లీషులో ఉన్నా నష్టం లేదు. మన ఫోల్డర్లకు, షార్ట్‌కట్లకు మాత్రం మన పేర్లు పెట్టుకోవడం మన చేతిలోనే ఉంది. గ్రామ సంఘాల అప్పులు, స్త్రీనిధి, ఆడిట్, తీర్మానాలు అని తెలుగులో పేర్లు రాసి ఉంటే, ఏ పదవిలో కొత్తగా వచ్చిన అక్క అయినా చదువుకుని తెరుస్తది.

మారనివి కూడా ఉన్నాయి

ఇన్ని మార్పుల నడుమ కొన్ని అట్లనే నిలబడ్డాయి. కంట్రోల్ మీట పట్టుకుని పి కొడితే ప్రింట్, ఎస్ కొడితే సేవ్, సి కొడితే కాపీ, వి కొడితే అతికించడం, జడ్ కొడితే చేసిన పని వెనక్కి. ఎక్సెల్ 2003లో ఇవే, 2007లో ఇవే, ఇప్పుడూ ఇవే. గుండ్రని బటన్ దొరకక ప్రింట్ ఆగిన రోజుల్లో కూడా కంట్రోల్ పి పని చేసింది. తెర మీది చోటును గుర్తు పెట్టుకున్న వాళ్లు ప్రతిసారీ ఇబ్బంది పడ్డరు. మీటలు తెలిసిన వాళ్లకు అంత తేడా తెలియలేదు.

అంతకంటే ముఖ్యమైనది, లెక్క పద్ధతి మారలేదు. జమ జమే, ఖర్చు ఖర్చే, నిల్వ నిల్వే. మన మండలాన్నే చూడండి. హసన్‌పర్తి 2016 దాకా వరంగల్ జిల్లా, ఆ తర్వాత వరంగల్ అర్బన్, 2021 నుండి హనుమకొండ జిల్లా. ఆఫీసు బోర్డులు, ఉత్తరాల మీది చిరునామా, ముద్రలు అన్నీ మార్చుకున్నం. ఊరు, చెరువు, రైల్వే స్టేషన్ ఉన్నచోటనే ఉన్నయి. క్యాష్ బుక్ చదవడం వచ్చిన అక్కకు కొత్త తెర మీద కూడా ఏది ఏ గడిలో ఉండాలో తెలుసు. ఆమెకు కావాల్సింది దారి చూపించే ఒక్క గంట మాత్రమే.

కొత్త తెరను మన దారికి తెచ్చుకోవడం

విండోస్ 11లో స్టార్ట్ బటన్‌ను మళ్లీ ఎడమకు జరపవచ్చు. కింది పట్టీలో ఖాళీ చోట రైట్ క్లిక్ చేసి టాస్క్‌బార్ సెట్టింగ్స్ తెరిస్తే, అందులో టాస్క్‌బార్ అలైన్‌మెంట్ అని ఉంటది. అక్కడ లెఫ్ట్ ఎంచుకుంటే సరి. రైట్ క్లిక్‌తో పాత పొడుగు జాబితా కావాలంటే, ఫైల్‌ను ఎంచుకుని షిఫ్ట్ మీట, ఎఫ్10 మీట కలిపి నొక్కాలి. లేదంటే జాబితా అడుగున ఉండే "షో మోర్ ఆప్షన్స్" నొక్కాలి. రోజూ వాడే వాటిని స్టార్ట్ మెనూలో, కింది పట్టీలో పిన్ చేసి పెట్టుకోవచ్చు, వాడనివి తీసేయవచ్చు. ఎక్సెల్‌లో ఏ బటన్ మీదనైనా రైట్ క్లిక్ చేస్తే, దాన్ని క్విక్ యాక్సెస్ పట్టీలో చేర్చే మాట వస్తుంది. ప్రింట్, సేవ్, మొత్తం కూడిక, ఈ మూడూ అక్కడ పెట్టుకుంటే చాలా వరకు వెతుకులాట తగ్గుతది.

ఒక్క జాగ్రత్త. పాత మెనూ తెస్తామని చెప్పే తెలియని సాఫ్ట్‌వేర్లను ఆఫీసు కంప్యూటర్‌లో వేయవద్దు. పైన చెప్పిన మార్పులకు విడిగా ఏదీ వేయాల్సిన పని లేదు.

ఇవన్నీ ఒక్కరి ఇష్టం కొద్దీ చేస్తే మళ్లీ మొదటికే వస్తది. ఆమె సర్దుకున్న మెనూ ఆమెకే తెలుస్తది. వంటింట్లో డబ్బాలు ఎవరు సర్దినా ఇంటిల్లిపాదికీ ఎక్కడేమున్నదో తెలియాలి కదా. అందుకే మెనూలో ఏది ఎక్కడ పెట్టాలన్నది కార్యవర్గ సమావేశంలో కూచుని ఒప్పుకుని, ఆ వరుసను ఒక కాగితం మీద రాసి గోడకు అంటించడం మేలు. కొత్త తెర వచ్చిననాడు ఆ కాగితం చూసి అదే వరుసలో మళ్లీ పెట్టుకోవచ్చు.

తీర్మానంగా పెట్టుకోదగినవి

స్త్రీనిధి 2011లో మొదలయ్యాక అప్పు అడగడం, మంజూరు కావడం గంటల లెక్కకు వచ్చింది. ఇప్పుడు సంఘం లెక్కలు ఫోన్‌లలో, ట్యాబ్‌లలో కూడా ఎక్కుతున్నయి. ఫోన్ యాప్‌ల ముఖం కంప్యూటర్ కంటే తొందర తొందరగా మారుతది. తెర మారినందుకు పని ఆగితే ఒక సభ్యురాలికి అప్పు ఆలస్యమయితది, ఆ ఆలస్యానికి ఆమె బయట వడ్డీకి తెచ్చుకోవాల్సి వస్తది. ఇంతకాలం మనం తప్పించుకుంటూ వచ్చింది ఆ వడ్డీనే.

కాబట్టి రాబోయే ఏడాదికి మూడు సంగతులు ప్రతి గ్రామ సంఘం సమావేశంలో చర్చకు పెట్టాలని కోరుతున్నాం. మొదటిది, అకౌంటెంట్ కాక ఇంకా ఇద్దరు సభ్యులకు కంప్యూటర్ తెరిచి, నెల లెక్క చూసి, ప్రింట్ తీయడం రావాలి. అందులో ఒకరు పదవిలో లేనివారై ఉండాలి. పాస్‌వర్డ్ అందరికీ పంచాలని కాదు, ఎవరి లాగిన్ వారికి ఉండాలి. రెండోది, నెల నెలా జమ, ఖర్చు, నిల్వ ప్రింట్ తీసి సమావేశంలో చదివి, మినిట్స్ బుక్‌లో అంటించాలి. తెర ఎన్నిసార్లు మారినా ఆ కాగితం మన దగ్గర ఉంటది. మూడోది, కొత్త కూర్పు రాగానే మొదటి వారంలో ఒక పూట అందరూ కూచుని, ఏది ఎక్కడికి పోయిందో చూసుకుని, గోడ మీది కాగితం తిరిగి రాయాలి.

పొదుపు మొదలుపెట్టిన రోజుల్లో బ్యాంకు గడప ఎక్కడానికే జంకిన అక్కలు మన సంఘాల్లో ఉన్నారు. ఇయ్యాల వాళ్లే మేనేజర్ ముందు కూచుని లింకేజీ గురించి అడుగుతున్నరు. కంప్యూటర్ ముందు కుర్చీలో కూడా అట్లనే వంతుల వారీగా కూచోవాలె. వచ్చే నివేదిక నాటికి ప్రతి గ్రామ సంఘం నుండి ఇద్దరి పేర్లు ఈ పనికి రావాలని ఆశిస్తున్నాం.